పిస్టన్ డబ్బా మీద కంప్రెషన్ రేషియో 12:1 అని ఉంది, లెక్క వేస్తే 10.9 వస్తోంది. మిగతాది ఎక్కడికి పోయింది?

స్క్వేర్86:

నాలుగు సిలిండర్ల ట్విన్ క్యామ్ ఇంజిన్, సిలిండర్‌కి నాలుగు వాల్వులు. కంపెనీ కొలతలు బోరు (సిలిండర్ వ్యాసం) 86, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 86 మిమీ. టర్బో లేదు. ట్రాక్ మీద 8,000 ఆర్‌పీఎం దాకా తిప్పాలి, 95 ఆక్టేన్ పెట్రోలు మీద నడవాలి. హెడ్ ఇంకా బిగించలేదు కాబట్టి ఏం మార్చాలన్నా ఇప్పుడే.

బోరు 86.5కి తీయించాం. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, పైన చిన్న డోమ్ (ఉబ్బు) ఉంది. డోమ్‌లోంచి వాల్వ్ పాకెట్లు (వాల్వులు తగలకుండా తవ్విన గుంటలు) తీసేస్తే నికరంగా 2.5 సీసీ అని కాగితంలో రాశారు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ 138 మిమీ, పిస్టన్ కంప్రెషన్ హైట్ (పిన్ మధ్య నుంచి పై అంచుకి) 30.75, బ్లాక్ డెక్ హైట్ (క్రాంక్ మధ్య నుంచి బ్లాక్ ముఖానికి) 212. అంటే టీడీసీ (పిస్టన్ అతి పై స్థానం) దగ్గర పిస్టన్ అంచు బ్లాక్ ముఖానికి 0.25 మిమీ కింద ఆగుతుంది. హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య గాస్కెట్ ఎం.ఎల్.ఎస్. (పొరలు పొరలుగా ఉండే ఉక్కు) రకం, నొక్కుకున్నాక 1.2 మిమీ, బోరు 87.5. కంపెనీ గాస్కెట్ 0.7 ఉండేది. "మందం ఎక్కువుంటే లీకు కాదు" అన్నారని ఇది తీసుకున్నాను.

హెడ్‌లో పెద్ద వాల్వులు, కొత్త సీట్లు. ఛాంబర్లు కొలిస్తే వరుసగా 44.8, 44.6, 45.3, 44.7 సీసీ వచ్చాయి. కంపెనీ లెక్క ప్రకారం 43 ఉండాలి. ఇన్‌టేక్ క్యామ్ సీటు దగ్గర 284 డిగ్రీలు (వాల్వు సీటు వదిలి మళ్ళీ మూసుకునేదాకా క్రాంక్ తిరిగే మేర), సెంటర్‌లైన్ (టీడీసీ దాటాక వాల్వు పూర్తిగా తెరుచుకునే చోటు) 110.

ఈ అంకెలన్నీ వేస్తే 10.9 వస్తోంది. పిస్టన్ డబ్బా మీద మాత్రం 12:1. నాకు 11.5 దగ్గర ఉంటే చాలు. హెడ్ ముఖం 0.6 మిమీ తీయించి ఫేసింగ్ చేయించనా, ఇంకా పెద్ద డోమ్ ఉన్న పిస్టన్లు తెప్పించనా, గాస్కెట్ మార్చనా?

బ్యూరెట్:

పిస్టన్లు తెప్పించకండి. హెడ్ కూడా ఇప్పుడే లేత్‌కి పంపకండి. మీ పిస్టన్లలో తప్పేం లేదు.

కంప్రెషన్ రేషియో (పిస్టన్ కింద ఉన్నప్పటి మొత్తం చోటు, పైకి వచ్చాక మిగిలే చోటుకి ఎన్ని రెట్లో) అనేది పిస్టన్‌లో ఉండే గుణం కాదు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోట్లన్నీ కలిపితే వచ్చేది. డబ్బా మీద అంకె వేసేవాళ్ళు కంపెనీ ఛాంబర్, కంపెనీ గాస్కెట్ అనుకుని వేస్తారు. ఏ ఛాంబర్ సీసీ, ఏ గాస్కెట్ మందానికి ఆ లెక్క కట్టారో డబ్బాలోని కాగితంలో సాధారణంగా ఒక మూల ఉంటుంది. చూడండి.

మీ కొలతలతోనే కడదాం. 86.5 బోరుకి అడ్డకోత వైశాల్యం 58.77 చదరపు సెంమీ. స్ట్రోక్ 8.6 సెంమీతో గుణిస్తే 505.4 సీసీ. ఇది ఒక సిలిండర్ స్వెప్ట్ వాల్యూమ్, అంటే పిస్టన్ కదిలే మేర ఉన్న చోటు.

పైన మిగిలే చోటు, డబ్బా లెక్క ప్రకారం: ఛాంబర్ 43, గాస్కెట్ 0.7 మిమీకి 4.21, డెక్ 0.25 మిమీకి 1.47, డోమ్ తీసేస్తే మైనస్ 2.5. మొత్తం 46.18. 505.4ని దానితో భాగించి 1 కలిపితే 11.94. అదే వాళ్ళ 12:1.

ఇప్పుడు మీ ఇంజిన్: ఛాంబర్ 44.8, గాస్కెట్ 1.2 మిమీకి 7.22, డెక్ 1.47, డోమ్ మైనస్ 2.5. ఇక్కడిదాకా 50.99, మీకు వచ్చిన 10.9 ఇదే. మీరు వదిలేసినది ఒకటుంది. పిస్టన్ పై అంచుకీ మొదటి రింగుకీ మధ్య సందు. రింగు 5 మిమీ కింద ఉండి, ఆ భాగం వ్యాసం బోరు కంటే 0.6 మిమీ తక్కువుంటే అది 0.4 సీసీ. కలిపితే 51.39, అసలు రేషియో 10.83.

పోయిన కంప్రెషన్ మొత్తం 5.2 సీసీలో ఉంది. అందులో 3.0 గాస్కెట్‌ది. 1.8 ఛాంబర్‌ది. 0.4 రింగు పై సందుది.

ఛాంబర్ ఎందుకు పెరిగిందంటే కొత్త సీట్లు కోసినప్పుడు వాల్వులు లోపలికి దిగాయి. 34 మిమీ ఇన్‌టేక్ వాల్వు అర మిల్లీమీటరు దిగితే 0.45 సీసీ, 29 మిమీ ఎగ్జాస్ట్ దిగితే 0.33. రెండేసి కలిపితే 1.57. మిగిలిన కాస్తా వాల్వు చుట్టూ గోడ వెనక్కి తీసినప్పుడు పోయి ఉంటుంది. వాల్వ్ సీట్ పని చేయించాక పాత ఛాంబర్ సీసీ లెక్కలోకి తేకూడదు అనేది ఇందుకే.

ఇక పరిష్కారం. కంపెనీ మందం 0.7 గాస్కెట్ వేయండి. 3.0 సీసీ వెనక్కి వస్తుంది, మొత్తం 48.38 అవుతుంది, రేషియో 11.45. మీరు అడిగినదే.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి. పిస్టన్ చదును అంచుకీ హెడ్ చదును భాగానికీ మధ్య దూరం, అంటే స్క్విష్, ఇప్పుడు 0.25 + 1.2 = 1.45 మిమీ. 0.7 గాస్కెట్‌తో 0.95 అవుతుంది. పిస్టన్ పైకి వచ్చే చివరి క్షణంలో ఆ సన్నటి సందులో ఉన్న మిశ్రమం మధ్యలోకి చిమ్ముకుని వెళ్తుంది, మంట త్వరగా పాకుతుంది. అంచున మిగిలే పలచటి పొర రెండు వైపులా లోహానికి అంటుకుని చల్లగా ఉంటుంది. నాకింగ్ (మంట చేరకముందే మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలయ్యేది సరిగ్గా ఆ చివర మిగిలిన మిశ్రమంలోనే. సందు 1.45 ఉంటే చిమ్మే వేగమూ తగ్గుతుంది, పొర చల్లబడేంత పలచగానూ ఉండదు. అందుకని మీ ఇంజిన్ 10.83 దగ్గర నాక్ అయి, 11.45 దగ్గర అవ్వకపోవచ్చు. ఈ మాట చాలామంది నమ్మరు, కానీ మందం గాస్కెట్ వేసి కంప్రెషన్ తగ్గించినా స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగాల్సి రావడానికి కారణం ఇదే.

స్టీల్ రాడ్లతో 8,000 ఆర్‌పీఎంకి 0.9 నుంచి 1.0 మిమీ వరకు సురక్షితం. అల్యూమినియం రాడ్లు అయితే బాగా సాగుతాయి, 1.5 వదలాలి. 0.8 కంటే తక్కువకి వెళ్ళకండి. రాడ్ సాగడం, బేరింగ్ క్లియరెన్స్, పిస్టన్ ఊగడం అన్నీ ఆ సందులోంచే తీసుకుంటాయి.

ఫేస్‌ప్లేట్:

గాస్కెట్ మార్చే బదులు హెడ్ 0.6 ఫేసింగ్ చేస్తే అదే 11.45 వస్తుంది కదా? మందం గాస్కెట్ అలాగే ఉంచుకోవచ్చు.

బ్యూరెట్:

అంకె అదే వస్తుంది. ఇంజిన్ అదే రాదు.

ఛాంబర్ నోటి వైశాల్యం 50 చదరపు సెంమీ అనుకుందాం. 0.6 మిమీ తీస్తే 3.0 సీసీ పోతుంది, రేషియో 11.45. స్క్విష్ మాత్రం 1.45 దగ్గరే ఉండిపోతుంది, ఎందుకంటే హెడ్ చదును భాగం, గాస్కెట్ ఆనే ముఖం ఒకే తలంలో ఉంటాయి. రెండూ కలిసే కిందికి దిగుతాయి. అంటే కంప్రెషన్ పెరిగింది, నాకింగ్‌ని ఆపేది ఏమీ పెరగలేదు. ఇది అన్నిటికంటే చెడ్డ కలయిక.

రెండోది క్యామ్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే వేళ. క్యామ్ హెడ్‌లో ఉన్నప్పుడు హెడ్ దిగితే క్యామ్‌కీ క్రాంక్‌కీ మధ్య దూరం తగ్గుతుంది. చైన్‌లోనో బెల్టులోనో మిగిలే ఆ పొడవును దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ లాగేస్తుంది, క్యామ్ వెనకబడుతుంది. స్ప్రాకెట్ వ్యాసార్ధం 52 మిమీ దగ్గరుంటే 0.5 మిమీకి క్యామ్ మీద అర డిగ్రీ పైన, క్రాంక్ మీద ఒక డిగ్రీ పైన. మందం గాస్కెట్ వేస్తే ఇదే తిరగబడుతుంది. కంపెనీ మందానికి తిరిగి వస్తే హెడ్ కంపెనీ ఎత్తులో కూర్చుంటుంది, టైమింగ్ గుర్తులు నమ్మదగినవి అవుతాయి.

ఫేసింగ్ తప్పని నేననడం లేదు. స్క్విష్ ముందు సరిచేసుకుని, ఆ తర్వాత కూడా సీసీ తగ్గించాల్సి వస్తే అప్పుడు హెడ్ ముఖం తీయాలి. క్రమం అది.

గాస్కెట్ లీకు భయం గురించి ఒక మాట. ఎం.ఎల్.ఎస్. గాస్కెట్ పట్టు మందంలో లేదు, ముఖం నునుపులో ఉంది. రెండు ముఖాలూ రా విలువ (గరుకుదనం కొలత) 1.2 మైక్రాన్ లోపు ఉండాలి, వంపు ఉండకూడదు, బోల్టులు సరైన క్రమంలో బిగించాలి. గరుకు ముఖం మీద రెండు మిల్లీమీటర్లది వేసినా కారుతుంది.

డయల్‌గేజ్:

లెక్క బాగుంది. కానీ 2.5 సీసీ డోమ్ కాగితం మీద చదివినది, కొలిచినది కాదు. అది కొలవకుండా గాస్కెట్ ఆర్డర్ పెట్టకండి. అర సీసీ తప్పైతే రేషియోలో 0.11 తేడా.

పద్ధతి ఇది. పిస్టన్‌ని బోరులో పెట్టి, డయల్ ఇండికేటర్‌తో టీడీసీ పట్టుకోండి. క్రౌన్ (పిస్టన్ పై ముఖం) చదును అంచు బ్లాక్ ముఖానికి సరిగ్గా 10.00 మిమీ కిందికి వచ్చేదాకా దించండి. డోమ్ కొన పూర్తిగా ముఖానికి కిందే ఉండాలి, అందుకే పది. పిస్టన్ చుట్టూ అంచున పలచగా గ్రీజు రాసి, పైకి వచ్చినది వేలితో తుడిచేయండి. పైన దళసరి అక్రిలిక్ పలక, దాన్ని కూడా గ్రీజు మీద కూర్చోబెట్టాలి. పలకకి అంచు దగ్గరగా 5 మిమీ రంధ్రం. బ్లాక్‌ని కాస్త వంచి రంధ్రం వైపు ఎత్తులో ఉండేలా చూసుకుంటే గాలి బుడగ దానంతటదే బయటికి వస్తుంది. చివరికి నోటి దగ్గర చిన్న బుడగ నిలిచిపోతే పలకని వేలితో తడితే జరుగుతుంది. ఆ ఒక్క బుడగే 0.2 సీసీ ఉంటుంది.

100 సీసీ బ్యూరెట్, రంగు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్. నీళ్ళు వద్దు, మూలల్లోకి పాకవు, బుడగలు అంటిపెట్టుకుంటాయి. బ్యూరెట్‌లో ద్రవం వంపు అడుగుని చదవాలి, కన్ను అదే ఎత్తులో ఉండాలి.

డోమ్ లేకపోతే 10 మిమీ లోతుకి 58.77 సీసీ పట్టాలి. పట్టినదాన్ని అందులోంచి తీసేస్తే డోమ్ నికర సైజు. అంచున గ్రీజు పెట్టారు కాబట్టి రింగు పై సందు ఇందులో కలవదు, దాన్ని విడిగా వేసుకోవాలి. రెండుసార్లు కలపొద్దు.

హెడ్ కొలిచినప్పుడు నిజంగా వాడబోయే ప్లగ్గులే బిగించి కొలిచారా? కొన పొడుచుకొచ్చే ప్లగ్‌కీ మామూలు ప్లగ్‌కీ చిన్న తేడా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, ప్లగ్ రీచ్ (మర పొడవు) తక్కువైతే హెడ్ మరలు ఛాంబర్‌లోకి బయటపడి ఉంటాయి. సీసీ తేడా అలా ఉంచండి, ఆ మర అంచులు ఎర్రగా కాలి స్పార్క్ కంటే ముందే అంటిస్తాయి.

ఇంకోటి, డెక్ కొలత. 0.25 మిమీ ఎక్కడ పట్టారు? పిస్టన్ చల్లగా ఉన్నప్పుడు బోరులో ఊగుతుంది. పిస్టన్ అల్యూమినియం 2618 రకం అల్లాయ్ అయితే వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు సందు ఎక్కువ వదులుతారు, 4032 రకం కంటే ఎక్కువ ఊగుతుంది. ఇండికేటర్ కొనని గజన్ పిన్ (పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్) గీతకి నేరుగా పైన, అంచు దగ్గర పెట్టాలి. పిన్‌కి అడ్డదిశలో పెడితే ఊగడమే కొలుస్తారు.

లేట్‌క్లోజ్:

క్యామ్ కార్డు (క్యామ్ డిగ్రీలు రాసిన కాగితం) చూడకుండా 11.45 ఎక్కువా తక్కువా అని చెప్పలేం, కాబట్టి అది కూడా వేద్దాం.

ఇన్‌టేక్ వాల్వు మూసుకునేదాకా పిస్టన్ దేన్నీ నొక్కదు. 284లో సగం 142, సెంటర్‌లైన్ 110 కలిపి 180 తీసేస్తే 72. బీడీసీ (పిస్టన్ అతి కింది స్థానం) దాటాక 72 డిగ్రీలకి మీ వాల్వు మూసుకుంటుంది. 138 రాడ్, 43 క్రాంక్ వ్యాసార్ధంతో చూస్తే ఆ క్షణంలో పిస్టన్ టీడీసీకి 62.5 మిమీ కింద ఉంటుంది. 86లో నిజంగా నొక్కేది అంతే. అది 367 సీసీ. పైన 48.38 మిగిలితే డైనమిక్ రేషియో (వాల్వు మూసుకున్నాకే లెక్కించేది) 8.59.

అదే ఇంజిన్‌లో 60 డిగ్రీలకి మూసుకునే క్యామ్ ఉంటే 9.46. 50కి మూసుకునే మెత్తటి క్యామ్ ఉంటే 10.07. స్టాటిక్ (పూర్తి స్ట్రోక్ మీద వేసేది) 11.45 మూడింటికీ ఒకటే. 95 ఆక్టేన్ మీద 72 డిగ్రీల క్యామ్‌తో 11.45 సౌకర్యంగా ఉంటుంది, 50 డిగ్రీల దానితో జాగ్రత్త పడాలి.

మీరు ఇప్పుడు బిగించబోయినట్టు 10.83 దగ్గర ఉంచితే డైనమిక్ 8.15 మాత్రమే. కింది ఆర్‌పీఎంలో ఇంజిన్ నీరసంగా, పెట్రోలు ఎక్కువ తాగుతూ ఉంటుంది. పెద్ద క్యామ్ వేసి కంప్రెషన్ పెంచకపోవడం ఎక్కువగా జరిగే తప్పు. రెండూ జంటగా ఎంచుకోవాలి. టొయోటా ప్రియస్ 1.5 లీటర్ల ఇంజిన్‌లో స్టాటిక్ 13:1 పెట్టి మామూలు పెట్రోలు మీద నడపగలిగింది ఇన్‌టేక్ బాగా ఆలస్యంగా మూయడం వల్లే.

దీన్ని దేవుడి వాక్కుగా మాత్రం తీసుకోవద్దు. డైనమిక్ అంకె క్రాంకింగ్ దగ్గర, కింది ఆర్‌పీఎం దగ్గర నిజం చెబుతుంది. పై ఆర్‌పీఎంలో గాలి వేగంతోనే లోపలికి దూసుకొస్తుంది కాబట్టి పిస్టన్ పైకి బయలుదేరాక కూడా నిండుతూనే ఉంటుంది. నాకింగ్ పరీక్ష టార్క్ గరిష్ఠంగా ఉన్న చోట చేయాలి. ఇంకా, ఒక క్యామ్ కార్డు సీటు దగ్గర డిగ్రీలు ఇస్తుంది, ఇంకోటి 1 మిమీ లిఫ్ట్ దగ్గర ఇస్తుంది. రెంటినీ పోల్చితే పదిహేను ఇరవై డిగ్రీల తప్పు వస్తుంది.

కంప్రెషన్ వల్ల వచ్చే లాభం ఎంతో కూడా తెలిసి ఉండాలి. ఆదర్శ ఒట్టో సైకిల్ (పెట్రోలు ఇంజిన్‌కి సిద్ధాంత నమూనా) లెక్కలో 10:1కి సామర్థ్యం 60.2 శాతం, 11కి 61.7, 12కి 63.0. అంటే ఒక పాయింటుకి ఉన్నదాని మీద రెండు రెండున్నర శాతం, పైకి వెళ్ళేకొద్దీ ఇంకా తక్కువ. ఆ రెండు శాతం కోసం స్పార్క్ టైమింగ్ నాలుగు డిగ్రీలు వెనక్కి లాగాల్సి వస్తే నష్టమే మిగులుతుంది.

స్క్వేర్86:

అందరికీ థాంక్స్. మళ్ళీ కొలిచాను.

పది మిల్లీమీటర్ల లోతుకి నాలుగు సిలిండర్లలోనూ 57.1 దగ్గర పట్టింది. అంటే డోమ్ 2.5 కాదు, 1.7 సీసీ మాత్రమే. డెక్ పిన్ మీద కొలిస్తే 0.25, 0.24, 0.20, 0.26. ప్లగ్గులు అవే, మరలు బయటికి లేవు.

పాత 1.2 గాస్కెట్‌తో హెడ్ బిగించి, పిస్టన్ మీద మెత్తటి మట్టి పెట్టి రెండు చుట్లు తిప్పి వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య సందు) చూశాను. ఇన్‌టేక్ 2.3, ఎగ్జాస్ట్ 2.6 మిమీ. 0.7 గాస్కెట్ వేస్తే ఇవి తగ్గుతాయి కదా, సరిపోతాయా? మూడో ఛాంబర్ 45.3 ఉన్నదాన్ని ఏం చేయాలి?

బ్యూరెట్:

డోమ్ 1.7 అయితే పైన చోటు 49.18, రేషియో 11.28. ఇప్పుడు వాల్వులు చూద్దాం.

హెడ్ అర మిల్లీమీటరు దిగితే వాల్వు సందు అంతకంటే కాస్త తక్కువ తగ్గుతుంది, వాల్వు వాలుగా ఉంటుంది కనుక. 25 డిగ్రీల వాలుకి 0.45. ఇన్‌టేక్ 1.85, ఎగ్జాస్ట్ 2.15 అవుతాయి. కనీసం ఇన్‌టేక్ 2.0, ఎగ్జాస్ట్ 2.5 ఉండాలి. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే అది ఎక్కువ వేడెక్కి పొడవు సాగుతుంది. పైగా స్ప్రింగ్ అదుపు తప్పినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు వెంట పిస్టనే తరుముకుంటూ వస్తుంది. ఇన్‌టేక్‌లో అలా కాదు, వాల్వే పిస్టన్‌ని వెంబడిస్తుంది.

సరిపోవు. పాకెట్లు లోతు చేయాలి. ఇన్‌టేక్ 0.2, ఎగ్జాస్ట్ 0.4 మిమీ. సుమారు 0.65 సీసీ పోతుంది, రేషియో 11.14కి వస్తుంది. కోసే ముందు పాకెట్ అడుగున క్రౌన్ మందం ఎంతుందో కింది నుంచి కొలవండి, కోసిన తర్వాత 5 మిమీ మిగలాలి. కోసిన అంచులన్నీ ఎమరీతో గుండ్రంగా చేయండి. పదునైన అంచు వేడిని కిందికి పంపలేదు, అదే మొదట ఎర్రబడుతుంది. ఈ గుండ్రం చేయడంలో ఇంకో కాస్త సీసీ పోతుంది, పోనివ్వండి.

పోయినదాన్ని హెడ్ 0.2 ఫేసింగ్ చేసి తెచ్చుకోవచ్చని అనిపిస్తుంది. ఒక సీసీ వస్తుంది, 11.35 అవుతుంది. కానీ వాల్వు సందు మళ్ళీ 0.18 తగ్గుతుంది, మళ్ళీ పాకెట్లు కోయాలి. ఆ చక్రంలో దిగకండి. 0.95 స్క్విష్‌తో 11.1 అంటే మంచి ఇంజిన్. నేనైతే అక్కడ ఆపేస్తాను.

క్యామ్ గేర్లతో సందు తెచ్చుకోవడం కూడా ఉంది, కానీ దిశ మర్చిపోకండి. ఇన్‌టేక్ వెనక్కి జరిపితే సందు పెరుగుతుంది, ముందుకి జరిపితే తగ్గుతుంది. ఎగ్జాస్ట్ సరిగ్గా తిరగబడి ఉంటుంది. ట్యూనింగ్ రోజున ఎవరైనా ఇన్‌టేక్ నాలుగు డిగ్రీలు ముందుకి తోస్తే తగలకూడదు కాబట్టి, వాడబోయే చివరి స్థానంలో పెట్టి కొలవండి. ఇన్‌టేక్‌కి టీడీసీ దాటాక 5 నుంచి 20 డిగ్రీల మధ్య, ఎగ్జాస్ట్‌కి టీడీసీకి ముందు అంతే మేర. అతి ఇరుకు చోటు సాధారణంగా టీడీసీకి అటూ ఇటూ పది డిగ్రీల దగ్గరుంటుంది.

డయల్‌గేజ్:

మూడో ఛాంబర్ గురించి. మీ డెక్ కొలతలు మళ్ళీ చూడండి. మూడో పిస్టన్ 0.20 దగ్గర ఉంది, మిగతావి 0.25 దగ్గర. 0.05 మిమీ అంటే 0.29 సీసీ. అంటే పెద్ద ఛాంబర్ కింద ఎత్తైన పిస్టన్ ఇప్పటికే పడింది. మొదటి సిలిండర్‌తో పోలిస్తే ఛాంబర్‌లో 0.5 ఎక్కువ, డెక్‌లో 0.3 తక్కువ. నికర తేడా 0.2 సీసీ. దాన్ని ముట్టుకోవద్దు.

అక్కడ స్క్విష్ 0.90 అవుతుంది, అది కూడా పరిధిలోనే ఉంది.

అలా కలిసిరాకపోతే రాడ్లు, పిస్టన్లు మార్చి మార్చి పెట్టి చూడాలి. అన్ని రాడ్లూ ఒకే పొడవుండవు, పిస్టన్ల కంప్రెషన్ హైట్ కూడా అంతే. రెండూ పొట్టివి ఒకే సిలిండర్లో పడకుండా చూసుకుంటే చాలాసార్లు గ్రైండర్ అవసరమే రాదు. జత మారిస్తే బరువులు మళ్ళీ సరిచూసుకోవాలి. అప్పటికీ కుదరకపోతే చిన్న ఛాంబర్లనే పెద్దవి చేయాలి, వాల్వుకి పక్కన బోరు గోడ వైపు. స్క్విష్ చదును మీద గ్రైండర్ పెట్టకూడదు.

బూస్ట్‌గేజ్:

ఇదే హెడ్, ఇదే బోరు, నాది టర్బో. 9:1కి దించాలి. చదును పిస్టన్లే ఉంచి రెండు గాస్కెట్లు కలిపి వేస్తే?

బ్యూరెట్:

వద్దండీ. 9:1కి పైన 63.17 సీసీ ఉండాలి. చదును పిస్టన్, 44.8 ఛాంబర్, 0.8 గాస్కెట్‌తో 51.48 వస్తుంది. ఇంకా 11.7 సీసీ కావాలి. అది గాస్కెట్‌తోనే తేవాలంటే మొత్తం మందం 2.74 మిమీ, స్క్విష్ 3 మిమీ. బూస్ట్ కింద నాకింగ్‌కి మీరే తలుపు తీసినట్టు. పైగా హెడ్ రెండు మిల్లీమీటర్లు లేచి క్యామ్ టైమింగ్ క్రాంక్ మీద నాలుగు డిగ్రీల పైన జరుగుతుంది.

11.7 సీసీ గుంట ఉన్న పిస్టన్ తీసుకోండి. గుంట ఆకారం ముఖ్యం. క్రౌన్ మొత్తం గిన్నెలా తవ్వినది కాదు. ఛాంబర్ నీడ పడినంత మేరకే తవ్వి, హెడ్ చదును భాగాలకి ఎదురుగా పిస్టన్ కూడా చదునుగా వదిలినది కావాలి. అప్పుడు 9:1లోనూ స్క్విష్ 1.0 దగ్గర ఉంటుంది. మాజ్దా 2011లో తెచ్చిన స్కైయాక్టివ్-జి 14:1 ఇంజిన్‌లో కూడా పిస్టన్ మధ్యలో చిన్న గుంట వదిలారు. మొదట పుట్టిన మంట పిస్టన్‌కి తగిలి చల్లారిపోకుండా ఉండటానికి. కంప్రెషన్ ఎంతైనా, చోటు మధ్యలో ప్లగ్ కింద ఉండాలి, అంచుల్లో కాదు.

ఫేస్‌ప్లేట్:

పొడవు రాడ్ వేస్తే కంప్రెషన్ పెరుగుతుందని విన్నాను. ఈ ఇంజిన్‌కి అదో దారా?

లేట్‌క్లోజ్:

కాదు. సగం స్ట్రోక్, రాడ్, కంప్రెషన్ హైట్ కలిపితే డెక్ హైట్‌లో ఇమడాలి. ఇక్కడ 43 + 138 + 30.75 = 211.75. రాడ్ 2 మిమీ పెంచితే పిన్ అంతే పైకి జరిపిన పిస్టన్ కావాలి. టీడీసీ దగ్గర అంచు అక్కడే ఉంటుంది, రేషియో మారదు. పాత పిస్టన్‌తోనే పొడవు రాడ్ వేస్తే అంచు 1.75 మిమీ పైకి పొడుచుకొచ్చి హెడ్‌కి తగులుతుంది.

స్ట్రోక్ పెంచితే మాత్రం మారుతుంది. 86ని 90 చేస్తే స్వెప్ట్ 23.5 సీసీ పెరుగుతుంది. పైన అదే 48.38 ఉంచితే 11.45 కాస్తా 11.93 అవుతుంది. అక్కడ కూడా సగం స్ట్రోక్ 2 మిమీ పెరిగింది కాబట్టి కంప్రెషన్ హైట్ 2 తగ్గిన పిస్టన్ వేయాలి.

స్క్వేర్86:

పాకెట్లు కోయించాను, క్రౌన్ 5.6 మిగిలింది. 0.7 గాస్కెట్ తెప్పించాను. పూర్తిగా బిగించే ముందు స్క్విష్ నేరుగా చూసుకునే మార్గం ఉందా? లెక్కలో 0.95 అన్నా గాస్కెట్ నిజంగా 0.7కే నొక్కుకుంటుందని నమ్మకం లేదు.

డయల్‌గేజ్:

ఉంది. 1.5 మిమీ మెత్తటి సోల్డర్ తీగ. 15 మిమీ ముక్కలు రెండు కోసి, పిస్టన్ మీద పిన్ గీత వెంబడి రెండు చివరలా, ఛాంబర్ బయట చదును భాగం కిందికి వచ్చేలా గ్రీజు చుక్కతో అంటించండి. పిన్ గీత మీద హెడ్‌కి చదును లేకపోతే ఉన్న చోట నాలుగు వైపులా పెట్టి సగటు తీసుకోండి, ఊగడం రద్దవుతుంది. పాత గాస్కెట్ కాకుండా వేయబోయే రకానిదే ఇంకోటి పెట్టి, బోల్టులు పూర్తి టార్క్‌కి బిగించాలి. చేత్తో క్రాంక్ నెమ్మదిగా టీడీసీ దాటించండి, స్టార్టర్ వాడొద్దు. తీగ తీసి మైక్రోమీటర్‌తో పలచటి చోట కొలవండి.

మూడో సిలిండర్‌లో తప్పకుండా చేయండి, ఇరుకైనది అదే. అక్కడ 0.85 పైన ఉంటే హెడ్ మూసేయొచ్చు. స్పార్క్ ప్లగ్ హీట్ రేంజ్ ఒక మెట్టు చల్లటిది, అంటే వేడిని త్వరగా వదిలేది వేయండి. మొదటి గట్టి పరుగుల తర్వాత ప్లగ్ పింగాణీ భూతద్దంతో చూడండి. మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలుగానీ, మెరిసే అల్యూమినియం రేణువులుగానీ కనిపిస్తే స్పార్క్ టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి తీసి మళ్ళీ చూడండి.

స్క్వేర్86:

మూడులో 0.91, 0.92. మిగతావి 0.95 నుంచి 0.98. హెడ్ మూసేస్తున్నాను.